బాల్కనీ కుండీలో పికిలిపిట్ట గుడ్లు పెట్టింది, ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగింది మిగతావాళ్లకి కూడా అర్థమయ్యేలా ముందు క్లుప్తంగా చెప్తాను. హైదరాబాద్‌లో రెండో అంతస్తు ఫ్లాట్. బాల్కనీ గ్రిల్‌కి వేలాడే మనీ ప్లాంట్ కుండీలో పికిలిపిట్ట (బుల్‌బుల్) గూడు కట్టింది, ఏప్రిల్ 2కి మూడో గుడ్డు కూడా పెట్టింది. మొక్కకి నీళ్లు పోయాలా వద్దా, ఎండ తగులుతోంది కాబట్టి కుండీ లోపలికి జరపొచ్చా, ముట్టుకుంటే తల్లి మళ్లీ రాదని అత్తగారు అంటున్నది నిజమేనా అని అడిగారు. ఒంటిపూట బడి అయ్యాక ఇంట్లోనే ఉండే మీ ఏడేళ్ల పాప గంటకోసారి చూస్తానంటోంది, మీవారు గూటి పక్కన కెమెరా బిగిస్తానంటున్నారు, దానికితోడు ఈ నెల 20 నుంచి అపార్ట్‌మెంట్ అంతా పెయింటింగ్.

సమాధానం ఇది: కుండీని అంగుళం కూడా జరపొద్దు. నీళ్లు పోయొచ్చు. మేత పెట్టొద్దు. కెమెరా గూటి పక్కన వద్దు. పెయింటింగ్ మాత్రం మీ వైపు గోడకి వాయిదా వేయించాల్సిందే. మొత్తం నాలుగు వారాల వ్యవహారం, ఈ నెలాఖరుకి అయిపోతుంది.

నేనేమీ పక్షి శాస్త్రవేత్తని కాదు. మా మిద్దె మీద తోట పెట్టి పద్నాలుగేళ్లయింది, అప్పట్నుంచి ఏటా శివరాత్రి దాటి చలి తగ్గగానే ఏదో ఒక పిట్ట మా ఇంటి మీద పడుతుంది. గోడ క్యాలెండర్‌లో గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ, పాలు రాని రోజులు రాసుకునే గళ్లలోనే గుడ్డు పెట్టిన తేదీ, పిల్ల ఎగిరిన తేదీ రాసుకోవడం అలవాటైపోయింది. కింద రాసేదంతా ఆ గళ్లలోంచి వచ్చిందే, అందులో నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి.

పెద్ద తప్పు మొదటి ఏడాదే చేశాను. క్రోటన్ కుండీలో గూడు, రెండు గుడ్లు, మధ్యాహ్నం రెండింటికి ఎండ నేరుగా పడుతోంది. పాపం అనుకుని కుండీని మూడడుగులు నీడలోకి లాగాను. పిట్ట వచ్చింది, కుండీ ఇంతకుముందు ఉన్న చోట, ఖాళీ గాలిలో రెక్కలాడిస్తూ రెండు మూడుసార్లు దిగబోయింది, పిట్టగోడ మీద కూర్చుని అరిచింది, వెళ్లిపోయింది. మూడడుగుల అవతల గూడు దానికి కనిపిస్తూనే ఉంది, కానీ దాని లెక్కలో గూడు అంటే ఆ చోటు. నేను భయపడి సాయంత్రం వెనక్కి జరిపేసరికే ఆలస్యమైంది, మర్నాడు గుడ్లు చల్లగా ఉన్నాయి. ఆ ఒక్క రోజు చేసిన నిర్వాకం ఇప్పటికీ కుండీ జరపొద్దని అందరికీ చెప్పేలా చేస్తోంది.

ఎండ సంగతికి వేరే దారి ఉంది. గ్రీన్ నెట్ ముక్క గానీ పాత కాటన్ చీర ముక్క గానీ తీసుకుని గ్రిల్‌కి ఎండ వచ్చే వైపు కట్టండి, గూటి మీద కప్పినట్టు కాదు, గూటికి రెండు మూడడుగుల దూరంలో, అది వచ్చే దారి వదిలేసి. పిట్ట లేచి వెళ్లినప్పుడు చకచకా కట్టేసి లోపలికి వచ్చేయండి. అరగంట, ముప్పావుగంటలో తిరిగొచ్చి కూర్చుంటే నెట్ దానికి నచ్చినట్టు, రాకపోతే మారు మాట లేకుండా విప్పేయండి. గుడ్డ గాలికి టపటపా కొట్టుకోకుండా నాలుగు మూలలా బిగించాలి. పిల్లలు పుట్టాక కొన్ని మధ్యాహ్నాలు తల్లి గూటి అంచు మీద నిలబడి రెక్కలు సగం విప్పి గొడుగులా పట్టుకోవడం కనిపిస్తుంది, నోరు తెరిచి రొప్పుతూ ఉంటుంది. చూడటానికి కష్టంగానే ఉంటుంది గానీ అది దాని పని, అది చేసుకుంటుంది.

నీళ్లు: పైపుతో కొట్టొద్దు. చిన్న చెంబుతో, పిట్ట లేనప్పుడు, గూటికి అవతలి అంచున మట్టిలోకి నెమ్మదిగా పోయండి. మనీ ప్లాంట్ మొండిది, రెండు మూడు రోజులకోసారి చాలు. గూడు తడవకూడదు. ఈ నెల వేప నూనె స్ప్రే కూడా మానేయండి, మీ మొక్కల మీద ఉన్న పురుగులే ఆ పిల్లలకి అన్నం.

ఇక మీ అత్తగారి మాట. మనిషి వాసన అంటిందని తల్లి పిల్లల్ని వదిలేస్తుందన్నది నిజం కాదు. గూట్లోంచి జారిపడ్డ పిల్లల్ని నా చేత్తోనే ఎన్నోసార్లు తిరిగి పెట్టాను, తల్లిదండ్రులు ఏమీ జరగనట్టు వచ్చి మేత పెట్టాయి. కానీ ఆవిడ మాటలో అసలు జాగ్రత్త ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. పిట్ట భయపడేది వాసనకి కాదు, మాటిమాటికీ మనం వెళ్లడానికి. గూడు కడుతున్నప్పుడు కాస్త అలికిడి చేసినా వదిలేస్తుంది. గుడ్లు పెట్టాక కొంచెం ఓర్చుకుంటుంది. పిల్లలు పుట్టాక అంత తేలిగ్గా వదలదు, మీ తల మీదికి కూడా వస్తుంది. మీరున్నది గుడ్ల దశలో, అంటే ఇప్పుడే జాగ్రత్తగా ఉండాలి. అందుకని ఆవిడతో వాదన పెట్టుకోకండి, "మీరన్నట్టే ముట్టుకోం అత్తయ్యా" అనేయండి, ఇంట్లో అందరినీ ఆవిడే అదుపులో పెడతారు.

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. కాకి మనల్ని చూస్తుంటుంది. మీరు రోజుకి పదిసార్లు వెళ్లి ఒకే కుండీలోకి తొంగి చూస్తుంటే ఎదురింటి ట్యాంకు మీది కాకికి అక్కడేదో ఉందని మీరే చెప్పినట్టు. కాకి కనుచూపు మేరలో ఉంటే నేను ఆ వైపుకే వెళ్లను, వేరే కుండీ దగ్గర ఊరికే కలుపు తీస్తున్నట్టు నటిస్తాను (మా ఇంట్లో వాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి). అన్నం మెతుకులు, బిస్కెట్ ముక్కలు బాల్కనీలో వేయొద్దన్నదీ ఇందుకే. వాటికి వచ్చేది పికిలిపిట్ట కాదు, కాకి, గోరింక, ఉడత. ఉడత అమాయకంగా కనిపిస్తుంది గానీ గుడ్డు దొరికితే వదలదు. నీళ్లు పెట్టాలనిపిస్తే మట్టి మూకుడులో అంగుళం లోతు పోసి బాల్కనీకి అవతలి చివర పెట్టండి, గూటి కింద కాదు.

పాపకి ఏం చెప్పాలి? చూడొద్దనకండి, అది అన్యాయం. గది లోపల లైట్ ఆర్పేసి, కిటికీ కర్టెన్ బెత్తెడు సందు ఉంచి, స్టూల్ వేసి కూర్చోబెట్టండి. బయట వెలుతురు, లోపల చీకటి కాబట్టి పిట్టకి పాప కనపడదు. రోజుకి రెండుసార్లు, పావుగంట చొప్పున. నోట్‌బుక్‌లో టైమ్ రాయమనండి: ఎప్పుడు లేచింది, ఎప్పుడొచ్చింది, నోట్లో ఏం తెచ్చింది. పిల్లలు పుట్టిన వారానికి మేత తెచ్చే లెక్క రాయడానికి గీతలు సరిపోవు. కెమెరా కూడా ఆ కిటికీ లోపలే స్టాండ్ మీద పెట్టుకోమనండి మీవారిని, జూమ్ చేసుకోవచ్చు. ఫ్లాష్ వద్దు. ఫొటో బాగా రావాలని అడ్డంగా ఉన్న ఆకులు తుంచడం అస్సలు వద్దు, ఆ ఆకుల చాటు చూసుకునే అది అక్కడ కట్టింది.

ఇప్పుడు మీరు ఏం చూడబోతున్నారో చెప్తాను, అది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. రోజుకొక గుడ్డు పెడుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు గుడ్లని వదిలేసి తిరుగుతుంది, "తల్లి వదిలేసింది" అని చాలామంది కంగారుపడేది అప్పుడే. గుడ్లన్నీ పూర్తి కావస్తున్నప్పుడే అది నిలకడగా కూర్చుంటుంది, అలా అయితేనే పిల్లలన్నీ దాదాపు ఒకేసారి బయటికొస్తాయి. లేత గులాబీ రంగు గుడ్డు మీద కుంకుమ చల్లినట్టు చుక్కలుంటాయి, చూసే ఉంటారు. 12 నుంచి 14 రోజులు పొదుగుతుంది కాబట్టి మీ లెక్క ఏప్రిల్ 14–16 మధ్యకి వస్తుంది. ఆ తర్వాత 10 నుంచి 13 రోజులకి పిల్లలు గూడు వదులుతాయి, అంటే 24–29 మధ్య.

పుట్టిన రోజు పిల్ల అంటే ఈక లేదు, కళ్లు మూసుకుని ఉంటాయి, పొట్ట కింద చర్మంలోంచి లోపలివి నీడలా కనిపిస్తాయి. తల పైకెత్తి నోరు తెరిస్తే మెడ మోయలేక వణుకుతుంది. నోటి లోపల ఎర్రగా ఉంటుంది, తల్లికి గురి చూపించేది ఆ ఎరుపే. ఓసారి నేను కిటికీ సందులోంచి చూస్తుండగా తల్లి ఆకుపచ్చ గొంగళిపురుగు తెచ్చి ఒక పిల్ల నోట్లో కుక్కింది, అది మింగలేదు, రెండు క్షణాలు చూసి మళ్లీ లాగేసి పక్కదాని నోట్లో పెట్టింది. కడుపు నిండినది మింగదు, ఆకలిగా ఉన్నది టక్కున మింగుతుంది, పంపకాలు అంత సులువుగా తేలిపోతాయి. మేత అయ్యాక పిల్ల వెనక్కి తిరిగి తోక వైపు ఎత్తుతుంది, చిన్న తెల్ల మాత్ర లాంటిది వస్తుంది, అది రెట్టే, పైన పల్చటి పొరతో. తల్లి దాన్ని మింగేస్తుంది, లేదా ముక్కున పట్టుకుని దూరంగా పడేస్తుంది. గూడు అంత శుభ్రంగా ఉండటం వెనక రహస్యం ఇదే, మా అమ్మాయి చిన్నప్పుడు ఇది చూసి రెండు రోజులు అన్నం తినేటప్పుడల్లా గుర్తు చేసేది. ఇంకో మాట, పికిలిపిట్టల్లో ఆడా మగా ఒకేలా ఉంటాయి, నల్ల తల మీద కుచ్చు, తోక కింద ఎర్ర మచ్చ. మేత రెండూ తెస్తాయి. మీరు తల్లి అనుకుంటున్నది ఒక్కోసారి తండ్రి.

మొదట్లో అంతా పురుగులు, చిమ్మటలు, మిడతలు. పిల్లలు పెద్దవయ్యే కొద్దీ పండ్లు కూడా తెస్తాయి. మా ఇంట్లో కరివేపాకు చెట్టు నల్ల పండ్లు అయిపోయేది వీటి వల్లే, తర్వాత కరెంటు తీగల కింద, పిట్టగోడ వారగా కరివేప మొలకలు వస్తుంటాయి. నాకు నష్టం లేదు.

పిల్ల కింద పడితే ముందు ఈకలు చూడండి. ఒంటి మీద ఈకల్లేవు, లేదా ముళ్లలా మొలకలే ఉన్నాయి అంటే గూట్లోంచి జారింది, మెత్తగా పట్టుకుని తిరిగి గూట్లో పెట్టేయండి. గూడే ఊడి పడిపోతే చిన్న వెదురు బుట్టలో పాత గూడునే పెట్టి అదే కుండీకి కట్టండి. ఒంటినిండా ఈకలున్నాయి, తోక పొట్టిగా ఉంది, గెంతుతోంది, వేలు పెడితే గట్టిగా పట్టుకుంటోంది అంటే అది పడలేదు, బయల్దేరింది. దాన్ని గూట్లో పెట్టినా మళ్లీ దూకుతుంది. పిల్లికి అందకుండా పక్కనున్న గుబురు మొక్క మీద కూర్చోబెట్టి మీరు లోపలికి వెళ్లిపోండి. తల్లిదండ్రులు దాని అరుపు విని వచ్చి ఇంకా చాలా రోజులు మేత పెడతాయి.

ఇది తెలియక నేను ఒకసారి అలాంటి పిల్లని అట్టపెట్టెలో పెట్టి ఇంట్లోకి తెచ్చాను. రాత్రంతా కిక్కురుమనలేదు, తెల్లారి అయిదున్నరకి మిద్దె మీద రెండు పిట్టలు గొంతు చించుకుని అరుస్తున్నాయి. పెట్టె మూత తీసి జామ కొమ్మ మీద పెట్టిన నిమిషానికే ఒకటి నోట్లో పురుగుతో దిగింది. అంటే నేను కాపాడింది ఎవర్నీ కాదు, ఎత్తుకొచ్చానంతే.

పాలు, నానబెట్టిన బ్రెడ్ లాంటివి పెట్టకండి. పాలు పిట్టలకి అరగవు. డ్రాపర్‌తో నోట్లో నీళ్లు పోయడం ఇంకా ప్రమాదం, పిల్లకి గాలి గొట్టం నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెక్క విరిగినా, పిల్లి పంటి గాటు ఉన్నా గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, చీకటిగా ఉంచి, అదే రోజు పక్షుల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. పిల్లి కరిస్తే గాటు చిన్నదే కదా అనుకోకండి, దాని నోటి క్రిములు పిట్టని ఒకటి రెండు రోజుల్లో చంపేస్తాయి.

చేయి పెట్టక తప్పని సందర్భం ఇంకొకటుంది: దారాలు. ఊళ్లో పిట్టలు ఇప్పుడు పుల్లలతో పాటు ప్లాస్టిక్ సంచి పీలికలు, గాలిపటం మాంజా, టైలర్ షాపు దారాలు కూడా గూట్లో అల్లేస్తున్నాయి. మూడేళ్ల క్రితం మా సన్నజాజి పందిట్లో రెండు పిల్లలు ఎగిరిపోయాక కూడా మూడోది గూట్లోనే రెక్కలు కొట్టుకుంటోంది. సాయంత్రం దాకా చూసి నిచ్చెన వేసి ఎక్కితే నైలాన్ దారం కాలికి మూడు చుట్లు తిరిగి చర్మంలోకి దిగి ఉంది. ఒక చేత్తో కళ్లు మూసి పట్టుకుని గోళ్ల కత్తెరతో ఒక్కో చుట్టూ తెంపాను, కాలు వాచింది గానీ వేళ్లు ఆడుతున్నాయి. మర్నాడు పొద్దున్న గూడు ఖాళీ. మీ గూట్లో కూడా అలాంటి దారం వేలాడుతుంటే గుర్తుపెట్టుకోండి, కానీ ఇప్పుడు లాగకండి, గూడు మొత్తం దానితో పాటు వస్తుంది.

ఇవేవీ కాకుండా ఒక రోజు పొద్దున్న లేచి చూస్తే గూడు ఖాళీగా ఉండొచ్చు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి. నేను చూసిన పికిలిపిట్ట గూళ్లలో పిల్లలు ఎగిరినవి సగం కూడా లేవు. కాకి, జెముడుకాకి, పిల్లి, పాము, తొండ, ఎవరి వాటా వాళ్లది. ఒకసారి తొమ్మిదో రోజు పిల్లల్ని జెముడుకాకి మా కళ్లముందే, మేం పరిగెత్తేలోపే తీసుకుపోయింది. పదిరోజులు తిరక్కుండానే ఆ జంటే కావొచ్చు, నాలుగు కుండీల అవతల మళ్లీ పుల్లలు మోయడం మొదలుపెట్టింది. ఒక సీజన్‌లో రెండు మూడుసార్లు ప్రయత్నిస్తాయి. కాకి మీద రాళ్లు వేయకండి, దానికీ ఈ ఎండాకాలంలోనే పిల్లలుంటాయి. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ అది ముద్దు చేసేవాటిలో ఓ కోయిల పిల్ల కూడా ఉండొచ్చు, దాని తిప్పలు దానివి.

ఇక పెయింటింగ్. 20వ తేదీకి మీ పిల్లల వయసు నాలుగు నుంచి ఆరు రోజులు, అంటే ఈకలు కూడా సరిగ్గా రావు, గంట సేపు తల్లి రాకపోతే ఎండకి చచ్చిపోతాయి. సారువ కట్టి గోడ గీకే పని అప్పుడు అక్కడ జరగడానికి వీల్లేదు. అసోసియేషన్‌తో పోట్లాడక్కర్లేదు, పని అవతలి వైపు గోడ నుంచి మొదలుపెట్టి మీ వైపు మే మొదటి వారంలో రమ్మనండి, పెయింటర్లకి ఏ గోడ ముందైనా ఒకటే. ఎవరైనా మొండికేస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మాట ఎత్తండి, అడవి పిట్టల గూళ్లు, గుడ్లు చెడగొట్టడం దాని కింద నేరం. నేను ఇంతవరకు దాన్ని ఒక్కసారే వాడాల్సి వచ్చింది, అదీ పావురాల నెట్ కట్టేవాళ్లతో. ఆ వారాల్లో మీ పైవాళ్లో పక్కవాళ్లో నెట్ కట్టిస్తుంటే కూడా ఓ కన్నేసి ఉంచండి, పిట్ట వచ్చే దారి మూసుకుపోతే అంతే.

కింద కామెంట్లలో ఒకరు పిచ్చుకల గురించీ, తేనెపిట్ట గురించీ అడిగారు, రెండు ముక్కలు. పిచ్చుక ఇంట్లో కట్టిందంటే మొదటి శత్రువు సీలింగ్ ఫ్యాన్, ఆ గదిలో ఫ్యాన్ ఆపి టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. తేనెపిట్ట బట్టల తీగకి సాలెగూడు దారంతో సంచిలా వేలాడదీస్తుంది, ద్వారం మీద చిన్న చూరు కూడా దించుతుంది, కట్టేదంతా ఆడదే, మగది చుట్టూ తిరిగి పాడుతుంటుంది. అక్కడ బట్టలు ఆరేయడం మానేసి, తీగ కదలకుండా చూడండి. మిగతా జాగ్రత్తలన్నీ ఇవే.

మళ్లీ మీ దగ్గరికి. పిల్లలు పుట్టిన ఎనిమిదో రోజు దాటాక గూటి దగ్గరికి అస్సలు వెళ్లకండి, అంటే 22 నుంచి. అప్పటికి అవి మనల్ని ప్రమాదంగా గుర్తుపడతాయి, దగ్గరికెళ్తే ఎగరడం రాకుండానే మూడూ మూడు దిక్కులకి దూకేస్తాయి, రెండో అంతస్తు నుంచి. కింద వాచ్‌మన్‌కి, మొదటి అంతస్తు వాళ్లకి ఓ మాట చెప్పి ఉంచండి. ఎక్కువగా పొద్దున్నే వెళ్తాయి, మీరు టీ పెట్టుకునే లోపే ఒకటి గ్రిల్ మీద కూర్చుని ఉంటుంది. అన్నీ వెళ్లిపోయి వారమయ్యాక పాత గూడు తీసేయొచ్చు, కానీ చేతికి కవర్ తొడుక్కుని తీయండి, పిట్ట పేలు ఉంటాయి. ఇంకా ముఖ్యం, బట్టలుతికే బకెట్, డ్రమ్ము బాల్కనీలో నీళ్లతో ఉంటే ఆ వారం రోజులు బోర్లించేయండి. మా ఇంట్లో ఒక ఏడాది మూడూ క్షేమంగా దిగాయి, ఒకటి బకెట్లో పడింది. నేను వంటింట్లో ఉన్నాను.